బోర్లా పడితే బొబ్బట్లు



పాపాయి బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఇరుగుపొరుగులకు పంచిపెట్టి మనం జరుపుకునే ఈ ముచ్చట్లు ఈనాటివి కావు. వేడుక పేరుతో మన పెద్దవాళ్లు బిడ్డ ఎదుగుదలను లెక్క పెట్టుకున్నారన్నమాట! ఇదే లెక్క వైద్యుల చేతికి ఎలా వచ్చిందో ఈవేళ చెప్పుకుందాం.

ఫ్రాన్సు దేశంలో మాంబెయార్ అనే ప్రభువు, 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును ఇంచుమించు ఆరు నెలలకోసారి కొలిచి, పద్దెనిమిదేళ్లపాటు రాసిపెట్టాడు. అది ఒక తండ్రి కుతూహలం. అలాంటి లెక్క పసిప్రాణాలను కాపాడే సాధనం కావడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది.

1956లో డేవిడ్ మోర్లీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లారు. అక్కడి పల్లెల్లో తట్టు, విరోచనాలు, తిండి చాలకపోవడం పసిపిల్లలను పొట్టన పెట్టుకునేవి. బిడ్డ చిక్కి శల్యమయ్యాక ఆస్పత్రికి తెస్తే ఏం లాభం? అందుకని ఆయన ఒక కార్డు తయారుచేశారు. నెలనెలా బిడ్డను తూచి అందులో చుక్క పెట్టాలి. చుక్కలు కలిపితే గీత. గీత పైకి పోతున్నదా, ఫరవాలేదు. ఆగిపోయిందా, దిగిందా, బిడ్డ చూపులకు బాగానే ఉన్నా జాగ్రత్త పడాలి. పక్కింటి పిల్లతో పోలికతో పనిలేదు, మన బిడ్డ గీత ఎటు పోతున్నదన్నదే ముఖ్యం. అన్నిటికంటే గొప్ప సంగతేమిటంటే, ఆ కార్డును ఆస్పత్రి బీరువాలో పెట్టకుండా తల్లి చేతికే ఇచ్చారు.

మన దేశంలో 1975 అక్టోబరు 2న 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. దానితో అంగన్‌వాడీలు వచ్చాయి, పిల్లల తూకమూ వచ్చింది.

అయితే బరువు ఒక్కటే చాలుతుందా? చూపు, వినికిడి, మాట, నడక మాటేమిటి? 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు అందుకొక పరీక్ష రూపొందించారు. 1991లో తిరువనంతపురం వైద్యులు రెండేళ్లలోపు పిల్లల కోసం 17 అంశాలతో ఒక పట్టిక తెచ్చారు. నవ్వడం, మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం వంటివే అన్నీ. బిడ్డ వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టి చూస్తే, ఎడమవైపున ఉన్నవన్నీ ఆ బిడ్డకు వచ్చి ఉండాలి. పరీక్షకు కావలసిన సరంజామా ఒక కలం, తాళంచెవుల గుత్తి. అంతే!

మా చుట్టాల్లో ఒక పిల్లవాడికి రెండేళ్లు దాటినా మాట రాలేదు. “వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది లెండి” అన్నారు పెద్దలు. మూడేళ్లు నిండాక తేలింది, వాడికి వినబడటం లేదని! ముందే చూపించి ఉంటే ఆ విలువైన నెలలు వృథా అయ్యేవి కావు గదా. ఎవరినీ తప్పుపట్టలేం. అది ప్రేమతో చేసిన ఆలస్యమే. కాని ఆలస్యం ఆలస్యమే.

ప్రతి బిడ్డకూ తన నడక తనకుంటుంది. నాలుగు రోజులు అటూ ఇటూ అయినంతలో బెంగపడక్కర్లేదు. అనుమానం వస్తే మాత్రం డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. ఈనాటి మాతా శిశు సంరక్షణ కార్డులో బరువు గీతతోపాటు ఆటా మాటా వివరాలూ ఉన్నాయి. టీకాల రోజున తప్ప ఆ కార్డు మనం తెరవం. ఈసారి అరిసెలు పంచిన రోజున దాన్నీ ఒకసారి తెరిచి, ఆ తేదీ రాసుకోండి.