తమ్ముడి చదువు, అక్క అక్షరం

కిందటి వేసవి సెలవులకి మా పాపను తీసుకుని మునగాల వెళ్ళాను. పాప రెండో తరగతి పూర్తి చేసింది. కథ చదివి సొంత మాటల్లో చెప్పే పోటీలో బడిలో మొదటి బహుమతి వచ్చింది. ఆ చిన్న కప్పు పట్టుకుని వీధి అరుగు మీదికి పరుగెత్తబోతుంటే మా అమ్మ ఆపేసింది. "వద్దమ్మా. పక్కింటి పిల్లాడికి చదువు అబ్బడం లేదని వాళ్ళమ్మ బెంగపడుతోంది. దాని ముందు ఇది చూపిస్తే మనసు చిన్నబుచ్చుకోదూ? పైగా దిష్టి."

అమ్మ చెప్పింది మంచిమాటే. కానీ నాకు ఇంకో రోజు గుర్తొచ్చింది. తమ్ముడు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనప్పుడు ఇదే అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. ఆ వీధిలో ఆ ఏడు తప్పిన పిల్లలు కూడా ఉన్నారు. నాకు ఎం.ఏ.లో బంగారు పతకం వచ్చినప్పుడు మాత్రం, "సంబంధాలు చూస్తున్నాం, ఎక్కువ చదివిందని పేరు పడితే కష్టం" అంది. ఎదుటివారి మనసు నొప్పించకూడదన్న మర్యాద ఆడపిల్ల వంతుకి వచ్చేసరికే ఎందుకు గుర్తొస్తుంది?

ఈ ప్రశ్నతో మా ఊరి చరిత్ర వైపు చూస్తే ఒక అక్క, ఒక తమ్ముడు కనిపిస్తారు. నిజాం రాజ్యం మధ్యలో ద్వీపంలా ఉంటూ బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకి చెందిన జమీందారీ మునగాల పరగణా. 1959లో అది నల్లగొండ జిల్లాలో కలిసింది, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసినవాడు కొమర్రాజు లక్ష్మణరావు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండతో హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పడటంలో ఆయన పాత్ర మనకు తెలిసిందే.

ఆయన అక్క భండారు అచ్చమాంబ. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్ళకే పెళ్ళయింది. తమ్ముడు ఆమె ఇంట్లో ఉండి చదువుకున్నాడు. ఆమెను ఎవరూ బడికి పంపలేదు. తమ్ముడు పాఠాలు చదువుతుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. తమ్ముడు 1900లో ఎం.ఏ. పట్టా పొందాడు. అక్కకి పరీక్ష లేదు, పట్టా లేదు. ఆమెకు అక్షరాలు వచ్చిన రోజున ఎవరైనా మిఠాయి పంచారా? అచ్చమాంబ తన పట్టా తానే రాసుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల చరిత్రలు రాసి, స్త్రీలు తెలివితక్కువవారనీ, చదివితే చెడిపోతారనీ అనేవారికి జవాబు చెప్పింది. సొంత బిడ్డలిద్దరినీ పోగొట్టుకున్న ఆమె పరాయి పిల్లలను చేరదీసి పెంచింది. ఎవరి బిడ్డ గొప్పదనమో వింటున్నప్పుడు ఆ తల్లికి ఎలా ఉండేదో! 1905లో ముప్ఫై ఏళ్ళకే కన్నుమూసింది.

మన ముందుతరాల వాళ్ళు పిల్లల చదువును ఎలా పండగ చేసుకున్నారో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అక్షరాభ్యాసం నాడు మన బిడ్డ చేత ఓం నమః దిద్దిస్తూ, వచ్చిన పిల్లలందరికీ పలకలు, బలపాలు పంచుతాం. దసరాకి వీధిబడి పంతులు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగితే పంతులుకి సంభావన, పిల్లలందరికీ పప్పుబెల్లాలు అందేవి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క అక్కడ లేదు. ఆ గుంపులో ఎక్కువగా మగపిల్లలే, అదీ బడి గడప తొక్కనిచ్చిన కులాల పిల్లలే అన్నది మాత్రం మరచిపోకూడదు. వెట్టి చేసే ఇళ్ళ పిల్లలకి ఆ పప్పుబెల్లాలు దక్కలేదు.

లెక్క పరీక్షతో వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో మద్రాసు రాజధానిలో పరీక్షలో నెగ్గిన పిల్లల సంఖ్యను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. పిల్లవాడి జవాబుకి ఖరీదు కట్టడం అప్పుడే మొదలైంది. ఈనాడు హైవే పక్కన ఫోటోలతో, మార్కులతో నిలబడ్డ బడుల ఫ్లెక్సీలు దానికి మనవలు. ఆ ఫ్లెక్సీలో లేని పిల్లల తల్లులు రోజూ దాని కిందనుంచే బస్సెక్కుతారు.

అందుకని దాచేద్దామా? దాచడం నాకు అలవాటే, దాని రుచి తెలుసు. నా పతకం బీరువాలో చీరల కింద నల్లబడింది. నా బిడ్డ కప్పుని అక్కడ పెట్టలేను. అలాగని ఫ్లెక్సీ కూడా కట్టలేను. పలకలు పంచిన పద్ధతే నాకు నచ్చింది. అందులో మన సంతోషం మాయం కాదు, ఎదుటి పిల్ల చేతిలోకీ వెళ్తుంది.

మర్నాడు పక్కింటామె తానే అడిగింది, పాపకి ఏదో బహుమతి వచ్చిందటగా అని. తగ్గించకుండా, పెంచకుండా వచ్చిందని చెప్పాను. "మరి మీ బాబుకి ఏమిష్టం?" అన్నాను. "వాడికేం వస్తదమ్మా, పొద్దస్తమానం రోడ్డు మీద లారీలు చూస్తడు" అంది. పిల్లలిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టాం. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద పోయే లారీల నంబరు ప్లేట్లు చూసి వాడు గడగడా చెప్పడం మొదలుపెట్టాడు: ఎంహెచ్ మహారాష్ట్ర, కేఏ కర్ణాటక, టీఎన్ తమిళనాడు. మా పాప ఒక్కటీ చెప్పలేకపోయింది.

ఆ తల్లి నావైపు తిరిగి, "అంటే వీడు చదువుతున్నట్టేనా?" అంది. పక్కన కూర్చుని నేర్చుకున్న అచ్చమాంబని కూడా ఎవరో ఒకరు ఈ మాట అడగవలసింది.