బావి ఊళ్ళో, అనుమతి ఢిల్లీలో: చమురు తవ్వకాల్లో పంచాయతీ ఎక్కడ?

మొన్న మా హిజ్లీ స్టడీ సర్కిల్‌లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, 73వ సవరణ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది కదా, ఊళ్ళో గ్యాస్ కోసం రిగ్గు దిగితే గ్రామసభ ఆపగలదా?" ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మా తెలుగువాళ్ళలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం వైపువి. కోనసీమ గ్యాస్ బావుల సంగతి మాకు పేపర్లో చదివిందే. అయినా మంచి ప్రశ్న. చట్టప్రకారం జవాబు "ఆపలేదు". మెయిన్స్‌లో అంతే రాసి వదిలేస్తే మార్కులు రావు, ఎందుకు ఆపలేదో చెప్పాలి. దానికి 1935 నుంచి మొదలుపెట్టండి.

1935 భారత ప్రభుత్వ చట్టంలో గనులూ చమురు క్షేత్రాలూ ఒకే మాటగా, రెండు జాబితాల్లోనూ ఉండేవి. ఫెడరల్ చట్టం తన అదుపులోకి తీసుకున్నంత మేర కేంద్రానివి, మిగతాది ప్రావిన్సులది. 1950 రాజ్యాంగం ఈ జంటను విడదీసింది. గనుల విషయంలో పాత పద్ధతే సాగింది: కేంద్ర జాబితా 54, రాష్ట్ర జాబితా 23. చమురును మాత్రం కేంద్ర జాబితా 53లో, ఏ షరతూ లేకుండా పెట్టారు. బొగ్గులో రాష్ట్రానికి కనీసం ఒక తలుపు సందు ఉంది. చమురులో అదీ లేదు. చాలా నోట్సుల్లో 53, 54 ఎంట్రీలను కలిపి ఒకే వాక్యంలో తేల్చేస్తారు, మీరు అలా చేయకండి.

ప్రిలిమ్స్‌కి పనికొచ్చే చిన్న మెలిక ఒకటి. 1948లో చేసిన గనులు, ఖనిజాల చట్టం రెండింటికీ వర్తించేది. 1957లో ఖనిజాలకు వేరే చట్టం వచ్చాక, పాతదానికే చమురు క్షేత్రాల చట్టం, 1948 అని పేరు మార్చారు. 1957 చట్టం "ఖనిజాలు" అన్న మాటకిచ్చిన నిర్వచనంలో ఖనిజ నూనెలను మినహాయించింది. ఈ మినహాయింపు ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 2015లో అదే చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. బొగ్గు గని పక్క ఊరికి ఆ నిధి వస్తుంది. గ్యాస్ బావి పక్క ఊరికి రాదు, ఎందుకంటే గ్యాస్ ఆ చట్టం లెక్కలో ఖనిజమే కాదు. నేలమీద తీసిన చమురుకు రాయల్టీ ఉంది, కానీ అది రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టండి. 73వ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో. 1995 జనవరి 8న తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్. మంట 65 రోజులు ఆరలేదు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి, కొబ్బరి తోటలు మాడిపోయాయి. కొత్త పంచాయతీరాజ్ పుట్టిన ఏడాదే ఈ పరీక్ష వచ్చింది. పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాల్లో చమురు లేదు. "ఇంధనం, పశుగ్రాసం" అని ఉంది, అది వంటచెరకు సంగతి. రిగ్గు భద్రత చూసేది గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే కేంద్రం.

పైపులైన్ల కథ ఇంకాస్త చేదు. 1962 చట్టం ప్రకారం భూమి రైతు పేరునే ఉంటుంది, దాని కింద పైపు వేసే హక్కు మాత్రం తీసుకుంటారు. అభ్యంతరానికి 21 రోజుల గడువు, అదీ ఆ భూమిలో హక్కు ఉన్నవాళ్ళకే. పక్కన ఇళ్ళున్న ఊరు ఊరుగా అడిగే చోటు లేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పాశర్లపూడీ నగరమూ రెండూ మామిడికుదురు మండలంలోనివే.

ఊరివాళ్ళు నోరు విప్పే ఒక్క వేదిక పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. 2020 జనవరి 16న కేంద్రం అన్వేషణ బావులను బి-2 వర్గంలోకి మార్చడంతో, ఆ దశలో అదీ అక్కర్లేకుండా పోయింది. ఉత్పత్తి దశకు మాత్రం పాత నిబంధనే ఉంచారు. నా లెక్కలో ఇది తలకిందులు పని. రిగ్గు దిగి బావి తవ్వాక ఊరిని అడిగితే ఏం లాభం?

మరి రాష్ట్రం? రెండు ఉదాహరణలు పక్కపక్కన రాయండి. గుజరాత్ 2001లో గ్యాస్ మీద నేరుగా చట్టం చేసింది. 2004లో సుప్రీంకోర్టు సహజవాయువు 53వ ఎంట్రీలోకే వస్తుందని, ఆ అధికారం రాష్ట్రానికి లేదని చెప్పింది. తమిళనాడు వేరే దారి పట్టింది. 2017లో పుదుక్కోట్టై జిల్లా నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ ప్రాజెక్టుకు వ్యతిరేకంగా ఊళ్ళు కదిలాయి, గ్రామసభలు తీర్మానాలు చేశాయి. వాటికి చట్టబలం లేదు. కానీ 2020లో రాష్ట్రం కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసి, అందులో కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలను నిషేధించింది. చమురు అన్న తలుపు తట్టలేదు, వ్యవసాయం అన్న తలుపులోంచి వెళ్ళింది. అప్పటికే నడుస్తున్న బావుల జోలికి మాత్రం పోలేదు.

అమెరికాలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని డ్రైడెన్ అనే చిన్న టౌన్ భూవినియోగ నిబంధనలతో డ్రిల్లింగ్‌ను నిషేధిస్తే, 2014లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం సమర్థించింది. ఎలా తవ్వాలో చెప్పేది రాష్ట్రం, ఎక్కడ వద్దో చెప్పే హక్కు ఊరిది అన్నది ఆ వాదన సారం. అదే ఏడాది టెక్సాస్‌లోని డెంటన్ ఓటర్లు ఫ్రాకింగ్ వద్దని ఓటేశారు. కొన్ని నెలలకే రాష్ట్ర శాసనసభ ఆ అధికారాన్నే తీసేసింది.

మా బెంగాల్‌నూ వదలకండి. 1950ల్లో ఇండో-స్టాన్‌వాక్ ఇక్కడ బావులు తవ్వి, గిట్టుబాటయ్యే చమురు దొరక్క వెళ్ళిపోయింది. ఉత్తర 24 పరగణాల అశోక్‌నగర్‌లో 2020 డిసెంబరులో ఓఎన్‌జీసీ ఉత్పత్తి ప్రారంభించింది, కానీ మైనింగ్ లీజు ఆ తర్వాత ఏళ్ళ తరబడి రాష్ట్రం దగ్గర ఆగింది. నేలమీద లీజు ఇచ్చేది, కేంద్రం ముందస్తు ఆమోదంతో, రాష్ట్రమే మరి. ఫైలు ఆపగలిగే చేయి రాష్ట్ర సచివాలయం దాకా ఉంది, పంచాయతీ ఆఫీసు దాకా రాలేదు.

సాధన ప్రశ్న (15 మార్కులు, 250 పదాలు): "చమురు, సహజవాయువు తవ్వకాలలో గ్రామసభ సమ్మతిని తప్పనిసరి చేయడానికి రాజ్యాంగ సవరణ అవసరమా, లేక ఉన్న చట్టాల మార్పు చాలునా? కోనసీమ, కావేరి డెల్టా అనుభవాలతో చర్చించండి." రాసి పంపండి, ఆదివారం కలిసి దిద్దుకుందాం.