బ్రీత్ అనలైజర్‌: మౌత్‌వాష్‌తో పుక్కిలించినా రీడింగ్ వస్తుందా? ఊదే ముందు ఇవి తెలుసుకోండి

రాత్రిపూట తనిఖీల్లో పోలీసులు మీ బండి ఆపి మిషన్‌లో ఊదమంటారు. తెర మీద అంకె 30 దాటితే కేసే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి బండి నడిపితే నేరం. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు లేదా రూ.10 వేల జరిమానా, ఒక్కోసారి రెండూ. మరి రక్తం చుక్క కూడా తీయకుండా మిషన్ ఆ అంకె ఎలా చెబుతోంది?

అసలు అది కొలిచేది మీ ఊపిరిని. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దగ్గర రక్తానికి, గాలికి మధ్య చాలా పలుచని పొరే ఉంటుంది. రక్తంలోని ఆల్కహాల్ ఆవిరై అక్కడి నుంచి ఊపిరిలో కలుస్తుంది. 1 మిల్లీలీటరు రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో, 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో అంత ఉంటుందన్నది మిషన్ వాడే లెక్క. ఈ నిష్పత్తి అందరిలో ఒకేలా ఉండదు, ఇది ఒక సగటు మాత్రమే. ఆ లెక్కన రీడింగ్ 30 అంటే లీటరు ఊపిరిలో సుమారు 0.14 మిల్లీగ్రాములు. ఇంత తక్కువ మోతాదును పట్టుకోవాలి కాబట్టి, మిషన్‌లోకి ఏ గాలి వెళ్లిందన్నదే కీలకం.

ఊదగానే మొదట బయటికొచ్చేది నోట్లో, గొంతులో ఉన్న గాలి. పెద్దవాళ్లలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు. అది గాలి గదుల దాకా వెళ్లింది కాదు. పనికొచ్చేది చివర్లో వచ్చే లోపలి గాలి. ‘ఇంకా ఊదండి, ఆపకండి’ అని పోలీసులు అనేది అందుకే. మధ్యలో ఆపితే మంచి మిషన్లు శాంపిల్ సరిపోలేదని చూపిస్తాయి.

అసలు చిక్కు నోటితోనే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, కొన్ని దగ్గు మందులు, హోమియో చుక్కలు వాడిన వెంటనే ఊదితే, రక్తంలో ఏమీ లేకపోయినా అంకె పైకి పోతుంది. తేన్పు వచ్చినా అంతే, కాకపోతే అది కడుపులో మద్యం ఉన్నవారి సంగతి. దీనికి మందు సింపుల్: 15 నిమిషాలు ఏమీ తినకుండా, తాగకుండా ఆగి మళ్లీ ఊదడం. నోట్లోని ఆల్కహాల్ ఆలోపు పోతుంది, రక్తంలోది పోదు. పైలట్ల విషయంలో డీజీసీఏ ఇంకా కఠినం. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్ వాడొద్దని 2023లో నిబంధనే తెచ్చింది.

జ్వరం ఉన్నా తేడా వస్తుంది. ఊపిరి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే రీడింగ్ 6 శాతం పైగా పెరుగుతుంది. సెన్సర్ రకం కూడా ముఖ్యమే. ఆన్‌లైన్‌లో దొరికే చవక సెమీకండక్టర్ మిషన్లు షుగర్ అదుపులో లేనివారి ఊపిరిలోని అసిటోన్‌ను ఆల్కహాల్‌గా పొరబడొచ్చు. ఫ్యూయెల్ సెల్ మిషన్లలో ఈ బెడద దాదాపు లేదు. అయితే ఏ సెన్సరైనా వాడేకొద్దీ దారి తప్పుతుంది. ఆల్కహాల్ మోతాదు ముందే తెలిసిన గ్యాస్‌తో ఎప్పటికప్పుడు సరిచూడాల్సిందే.

కాబట్టి కొత్త స్ట్రా అడగండి. మందు వాడి ఉంటే ఊదే ముందే చెప్పండి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించమనండి. రీడింగ్ 31, 32 దగ్గర ఉంటే ఇది మరీ ముఖ్యం. సెక్షన్ 204 కింద రక్తపరీక్షకు వీలుంది, దాన్నీ కోరండి. అరెస్టు చేస్తే 2 గంటల్లోగా డాక్టర్‌తో వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే కస్టడీ నుంచి వదిలేయాలని సెక్షన్ 202 చెబుతోంది. అసలు ఊదనే ఊదనని మాత్రం మొండికేయొద్దు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, సెక్షన్ 205 కింద కోర్టు దాన్ని మీకు వ్యతిరేకంగానే తీసుకోవచ్చు.