ఋషి వ్యాలీ పాఠశాల – ధర్మకర్తల మండలి పాలన

మదనపల్లె సమీపాన హార్సిలీ కొండల దిగువన ఉన్న ఋషి వ్యాలీ పాఠశాలను గురించిన రచనలలో తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి బోధనలకూ, ఆ లోయలో పెంచిన అడవికీ దక్కిన చోటు, ఆ పాఠశాల భూమిని, ధనాన్ని, స్వేచ్ఛను తరం మారినా చెక్కుచెదరకుండా నిలిపిన ధర్మకర్తల మండలికి దక్కలేదు. ప్రభుత్వ గ్రాంటు మీద ఆధారపడక, విద్యార్థుల ఫీజులతోనూ దాతల విరాళాలతోనూ నడిచే స్వతంత్ర పాఠశాల ప్రభుత్వ శాఖా కాదు, ఒక కుటుంబపు సొత్తూ కాదు. దాని ఆస్తి ట్రస్టుకు చెందుతుంది. ట్రస్టు అంటే దాత తన హక్కును వదులుకుని, ఫలానా ప్రయోజనానికే వినియోగించాలన్న షరతుతో కొందరి చేతిలో ఆస్తిని ఉంచే ఏర్పాటు. ఆ బాధ్యతను స్వీకరించినవారు ధర్మకర్తలు, వారికి హద్దులు గీసే దస్తావేజు ట్రస్టు డీడు.

1895లో మదనపల్లెలో జన్మించిన కృష్ణమూర్తి తన స్వస్థలానికి దగ్గరలో ఒక విద్యాకేంద్రం ఉండాలని తలచగా, అంతకు ముందే 1915లో ఆ ఊరిలో కళాశాల నెలకొల్పిన అనీబిసెంట్ తోడ్పాటుతో 1920ల నడుమ ఈ లోయలో భూమి సమకూరింది. 1928లో ఋషి వ్యాలీ ట్రస్టు ఏర్పడింది. మద్రాసు గిండీలోని జాతీయ పాఠశాల 1931లో ఇక్కడికి తరలివచ్చింది, జి. వి. సుబ్బారావు దానికి తొలి ప్రధానోపాధ్యాయులు.

ఈ రెండు ఘట్టాల నడుమనే, 1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమెన్‌లో కృష్ణమూర్తి తన కోసం వెలసిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ అనే ఆధ్యాత్మిక సంస్థను రద్దుచేసి, దానికి వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు. సత్యాన్వేషణకు సంస్థలు దారి చూపలేవని ప్రకటించిన వ్యక్తి పాఠశాల ట్రస్టును మాత్రం నిలుపుకోవడంలో వైరుధ్యం ఉన్నట్టు తోచవచ్చుగాని, నిజానికి లేదు. విశ్వాసాన్ని కాపాడే సంస్థ వేరు, పిల్లల భద్రతకూ అధ్యాపకుల జీతాలకూ చట్టం ముందు జవాబు చెప్పవలసిన సంస్థ వేరు. రెండవదానికి పెత్తనం అక్కరలేదు, బాధ్యత తప్పదు.

ఆ బాధ్యత ఎంత సున్నితమైనదో అమెరికాలోని ఓహాయ్ అనుభవం చూపింది. అక్కడ కృష్ణమూర్తి ప్రసంగాల ప్రచురణకూ విరాళాల నిర్వహణకూ ఏర్పడిన కృష్ణమూర్తి రైటింగ్స్ సంస్థతో తనకు సంబంధం లేదని ఆయన 1968లో ప్రకటించవలసి వచ్చింది. ఆ సంస్థతో తరువాత సాగిన వ్యాజ్యం 1974లో రాజీతో ముగిసింది. సంస్థ ఎవరి పేర నడుస్తున్నా, లెక్కలూ నిర్ణయాలూ కొద్దిమంది చేతిలో చిక్కితే ఆ వ్యక్తికే ప్రవేశం లేకుండా పోగలదన్నది ఇందులోని పాఠం. ఈ వివాదం నడిచిన కాలంలోనే ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కొత్త ఫౌండేషన్లు ఏర్పడగా, ఋషి వ్యాలీ ట్రస్టు, నడుమ ఫౌండేషన్ ఫర్ న్యూ ఎడ్యుకేషన్ అన్న పేరు ధరించి, 1970లో కృష్ణమూర్తి ఫౌండేషన్ ఇండియాగా మారింది. చెన్నైలోని వసంత విహార్ కేంద్రంగా పనిచేసే ఈ ట్రస్టు కిందనే వారణాసిలోని రాజ్‌ఘాట్ పాఠశాల, బెంగళూరులోని వ్యాలీ స్కూలు మొదలైనవి నడుస్తున్నాయి.

ఇటువంటి మండలికి తగిన పనులు పరిమితమైనవి: ప్రిన్సిపాల్‌ను నియమించడం, వార్షిక బడ్జెట్‌ను ఆమోదించడం, లెక్కలు ఆడిట్ చేయించడం, భూమి అన్యాక్రాంతం కాకుండా చూడడం. ఏ పాఠం ఎలా చెప్పాలన్నది అధ్యాపకుల పని. ఎఫ్. గోర్డన్ పియర్స్, ఆయన తరువాత దాదాపు రెండు దశాబ్దాలు ఎస్. బాలసుందరం ప్రిన్సిపాళ్లుగా పాఠశాలకు రూపునివ్వగలిగారంటే, ఆ హద్దుకు దక్కిన గౌరవమే ప్రధాన కారణమని చెప్పవచ్చు. తనకు వారసులెవరూ లేరని, తన బోధనలకు భాష్యం చెప్పే అధికారం ఎవరికీ లేదని కృష్ణమూర్తి స్పష్టం చేయడంతో, 1986లో ఆయన మరణానంతరం ధర్మకర్తలకు గురుపీఠం ఎక్కే అవకాశమూ లేకపోయింది.

ట్రస్టు ప్రయోజనాన్ని విశాలంగా అర్థం చేసుకోవడం కూడా మండలి ధర్మమే. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం ఏర్పడిన చిన్న బడులలో, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఎవరి వేగానికి తగినట్టు వారు అభ్యాస కార్డుల సాయంతో నేర్చుకునే పద్ధతి రూపొంది, ఇతర రాష్ట్రాలకూ పాకింది. ఫీజు చెల్లించగల కుటుంబాల పిల్లల వసతి పాఠశాల ఆ లోయలో ఒంటరి ద్వీపంగా మిగలకపోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా గర్వించదగిన అధ్యాయం.

ధర్మకర్తలది పెత్తనం కాదు, బాధ్యత అన్న దిశలోనే చట్టమూ నడిచింది. ధర్మకర్తలు దారి తప్పితే, ట్రస్టుతో సంబంధమున్న ఇద్దరు లేదా అంతకు మించినవారు న్యాయస్థానం అనుమతితో దావా వేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ప్రైవేటు విద్యాసంస్థ సహేతుకమైన మిగులు పొందవచ్చునుగాని లాభార్జన కూడదని సుప్రీంకోర్టు 2002లో టి. ఎం. ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో చెప్పింది. విద్య మాత్రమే లక్ష్యంగా ఉన్న సంస్థలకే ఆ ప్రాతిపదికన ఆదాయపు పన్ను మినహాయింపు దక్కుతుందని 2022లో తేల్చిన తీర్పు, తెలుగు నేలకు చెందిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ వ్యాజ్యంలో వెలువడినదే.

అయితే చట్టం పూర్తిగా పట్టించుకోని లోటు ఒకటుంది. అనేక ట్రస్టులలో ఖాళీ అయిన స్థానాన్ని మిగిలిన సభ్యులే నింపుకుంటారు గనుక, మండలి క్రమంగా పరిచయస్తుల వలయంగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది. సభ్యత్వానికి కాలపరిమితి విధించడం, అధ్యాపకుల, తల్లిదండ్రుల మాట వినే నియతమైన ఏర్పాటు చేయడం, ఆడిట్ అయిన లెక్కలను ఏటా వారి ముందుంచడం అనే మూడు నియమాలను ప్రతి స్వతంత్ర పాఠశాల తన ట్రస్టు డీడులోనే రాసుకోవడం అవసరం.