కెమెరా గళ్లు, మన ఫొటోలు



తీజ్ వచ్చిందంటే ఎల్లారెడ్డి, కామారెడ్డి తండాల నుంచి గ్రూపుల ఫొటోలు మస్తు వస్తయి. చాలా వాటిల్ల మనిషి సరిగ్గా నడుమ ఉంటడు, తల మీద సగం ఆకాశమే. కంపోజిషన్ నేర్చుకోవాలంటే ముందు ఫోన్‌ల గ్రిడ్ ఆన్ చేయమంటరు. అడ్డం రెండు గీతలు, నిలువు రెండు, మొత్తం తొమ్మిది గళ్లు. ఈ గళ్లకు చరిత్ర ఉన్నది. అందుల మనసొంటోళ్ల కథ కూడా ఉన్నది కాబట్టి రాస్తున్న.

మూడో వంతు సూత్రం కెమెరా కంటే పాతది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో దానికి ఆ పేరు పెట్టిండు. ఆకాశానికి ఎంత, నేలకు ఎంత అన్నదే ఆయన లెక్క. నిజాంసాగర్ కట్ట మీద నిలబడి చూస్తే సులువుగా అర్థమైతది. నీళ్లు, ఆకాశం కలిసే గీతను నడుమ పెడితే ఫొటో రెండు ముక్కలైనట్టు ఉంటది. కింది గీత మీద పెడితే మబ్బులు, పై గీత మీద పెడితే నీళ్లు మాట్లాడుతయి.

ఇంకో రకం గళ్లు కూడా ఉండె. 1869లో లండన్‌లో జె.హెచ్. లాంప్రే ఒక చెక్క చట్రం చేయించిండు. ఏడు అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, రెండేసి అంగుళాలకు ఒక పట్టుదారం. దాని ముందు మనిషిని బట్టలు లేకుండా నిలబెట్టి, ఒకటి ఎదురుగా, ఒకటి పక్కకు ఫొటో తీసుడు. ఏ జాతి శరీరం ఎట్లుంటదో కొలిచి పోల్చడానికట! అదే కాలంలో, 1868 నుంచి 1875 దాకా, 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు వచ్చినయి. కులాలు, తెగల వారీగా ఫొటోలు. చాలా వాటి కింద తెగ పేరు ఉంటది, మనిషి పేరు ఉండదు.

మన దిక్కు చూస్తే, కొమురం భీం 1940లో అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌కు అప్పజెప్పింది. ఆయన, భార్య బెట్టి మార్లవాయిలో ఉన్నరు. గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. కొలత గళ్ల ముందు నిలబెట్టిన మనుషులు కాదు, ఇల్లు, చేను, పండుగ నడుమ ఉన్న మనుషులు ఆయన ఫొటోల్ల కనిపిస్తరు. నా లెక్కల ఇది పెద్ద తేడా. అయినా ఆ సేకరణ ఉన్నది లండన్‌ల, సోయాస్‌ల.

ఇప్పుడు కెమెరా మన చేతిలనే ఉంది. ఫేటియా, కాంచళి కట్టే అమ్మమ్మలు తండాకు కొందరే మిగిలిన్రు. తీసేముందు అడగండి. కండ్లు పై గీత దగ్గర ఉంచండి, ఆమె చూసే దిక్కు జాగ వదలండి. కింద పేరు, తండా, సంవత్సరం రాయండి. ఫ్లాష్ మాత్రం వద్దు, బట్టల మీది అద్దాలు తెల్ల మచ్చలైతయి. దర్వాజా దగ్గర, వెలుతురు పక్క నుంచి పడేటట్టు కూసోబెడితే కుట్టు కూడా కనిపిస్తది.