భట్టీ నుంచి కంట్రోలర్‌కు: ఒక కొలత చరిత్ర

సాంకేతిక చరిత్ర అనగానే మీకు ఆవిరి యంత్రమో, రైలో గుర్తుకు వస్తుంది. ఈ భాగంలో మనం అంతకంటే చిన్న విషయాన్ని, బేకరీ ఓవెన్‌లో వేడిని కొలిచే పద్ధతిని పరిశీలిద్దాం.

హైదరాబాదులో ఉస్మానియా బిస్కెట్లు కాల్చిన పాత కట్టెల భట్టీలకు కొలత సాధనం లేదు. చేతికి తగిలే సెగను బట్టి, లోపల చల్లిన పిండి రంగు మారే వేగాన్ని బట్టి పనివారు వేడిని అంచనా వేసేవారు. భట్టీ సరిగా కాలకపోతే కారణం కళ్లెదుటే ఉండేది: తడి కట్టె, లేదా పూడుకుపోయిన పొగగొట్టం. డీజిల్, గ్యాస్, కరెంటు ఓవెన్లు వచ్చాక ఆ అంచనా పని థర్మోకపుల్‌కు, కంట్రోలర్‌కు చేరింది.

థర్మోకపుల్ సూత్రాన్ని 1821లో కనుగొన్నవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబెక్. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక అతుకును వేడిచేస్తే దిక్సూచి ముల్లు కదిలింది. వేడి వల్ల అయస్కాంతత్వం పుట్టిందని ఆయన అనుకున్నాడు. నిజానికి అక్కడ పుట్టింది విద్యుత్తు. అంటే ఈ పరికరం చరిత్ర మొదలైందే ఒక తప్పు నిర్ధారణతో! నేటి ఓవెన్లలో సాధారణమైన కె రకం థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు ఇస్తుంది. 200 డిగ్రీల తేడాకు వచ్చేది 8 మిల్లీవోల్టులే.

మేడ్చల్ ప్రాంతపు విద్యార్థులకు ఇక్కడ ఈసీఐఎల్ గుర్తుకు రావాలి. అణుశక్తి శాఖ కింద 1967లో, ఎ.ఎస్. రావు నాయకత్వంలో ఏర్పడిన ఈ సంస్థ అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు తయారుచేసింది. రియాక్టర్ భద్రతలో ఒకే కొలతను మూడు మార్గాల్లో తీసుకుని, కనీసం రెండింటి మాటను బట్టి నిర్ణయం తీసుకుంటారు. బేకరీ ఓవెన్‌లో తరచుగా ఉండేది ఒక్కటే సెన్సార్. అది ఏం చెబితే కంట్రోలర్‌కు అదే సత్యం.

కొన్నేళ్ల క్రితం శామీర్‌పేట వైపు ఒక బేకరీలో దీని పర్యవసానాన్ని నేను చూశాను. 200 డిగ్రీలకు పెట్టిన ఓవెన్ 48 చూపిస్తోంది, బర్నర్ ఆగడం లేదు, బ్రెడ్డు మాడిపోయింది. తలుపు దగ్గర సెగ తగిలి బర్నర్ కట్టేసింది ఒక పాత భట్టీ పనివాడు. వేడి హద్దు దాటితే ఆపవలసిన విడి థర్మోస్టాట్‌ను ఎవరో ఎప్పుడో తప్పించి, తీగలు నేరుగా కలిపేశారు.

మొదట వచ్చిన మెకానిక్ కంట్రోలర్ మార్చాలన్నాడు. రెండో అతను సెన్సార్ తీగలు విప్పి, కంట్రోలర్ ఇన్‌పుట్ స్క్రూల మధ్య చిన్న తీగ ముక్క కలిపాడు. తెర మీద గది ఉష్ణోగ్రత వచ్చింది. కంట్రోలర్ బాగానే ఉందన్నమాట. ఓవెన్ వెనుక గోడ దగ్గర తీగల తొడుగు కాలి, రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. కంట్రోలర్ చూస్తున్నది గది లోపలి వేడిని కాదు, తీగలు తగిలిన చోటి వేడిని. తీగ తెగి ఉంటే ఇంత ప్రమాదం ఉండేది కాదు. చాలా కంట్రోలర్లు తెగిన సెన్సార్‌ను గుర్తించి వేడిని ఆపేస్తాయి. తగిలిన తీగను అవి తేలిగ్గా గుర్తించలేవు.

తీగ ఆ సాయంత్రమే మార్చారు. థర్మోస్టాట్ తిరిగి కలపడానికి మాత్రం ఇంకో వారం పట్టింది; పండుగ ఆర్డర్లు ఉన్నాయట.