నీళ్లాట వాకిట్లో ముద్దు.. గోదారిలో ముప్పు
* ఆరేళ్ల లోపు చిన్నారులను ఆడించే తీరు ఇదీ
* తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు తెలుసుకోవలసిన విషయాలు

కాళేశ్వరం: ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులిచ్చింది మొదలు జూన్ రెండో వారంలో తిరిగి తెరిచే దాకా పల్లెల్లో పిల్లలకు నీళ్లే లోకం. బోరు దగ్గర, గోలెం దగ్గర, డ్రమ్ము దగ్గర చేరి వారు తడుస్తుంటే పెద్దలు కేకలేయడం ప్రతి ఇంటా ఉన్నదే. అయితే ఐదారేళ్ల లోపు పిల్లలకు నీళ్లాట పనికిమాలిన అల్లరి కాదు. పోయడం, నింపడం, వడకట్టడం ద్వారా వారు ఎక్కువ తక్కువలు, నిండు వెలితి, బరువు తేలిక తెలుసుకుంటారు. వేళ్లకు పట్టు చిక్కుతుంది. పలక పట్టించే ముందు చెంబు పట్టించడం మేలన్నమాట. చిక్కల్లా ఆ ఆట ఎక్కడ, ఎంత లోతులో, ఎవరి కళ్లెదుట జరుగుతోందన్న దగ్గరే ఉంది.

కాళేశ్వరం వంటి చోట ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. గోదావరి, ప్రాణహిత నదులు కలిసే ఈ క్షేత్రంలో సరస్వతి అంతర్వాహినిగా చేరుతుందని భక్తుల విశ్వాసం. ఒకే పానవట్టంపై రెండు లింగాలున్న కాళేశ్వర ముక్తీశ్వరాలయ దర్శనానికి వచ్చేవారిలో చంటిపిల్లల తల్లులు ఎందరో. 2015 జులైలో గోదావరి, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత, 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతి పుష్కరాలు ఇక్కడ జరిగాయి. తదుపరి గోదావరి పుష్కరాలు 2027లో ఉన్నాయి. సరస్వతి పుష్కరాలు ముగిసి రెండు వారాలైనా తిరగకముందే 2025 జూన్ 7న మేడిగడ్డ బ్యారేజీకి సమీపంలో, అంబట్‌పల్లి వద్ద గోదావరిలోకి దిగిన ఆరుగురు బాలురు, యువకులు మునిగి ప్రాణాలు కోల్పోయారు. పెద్ద పిల్లల గతే అలా ఉంటే పసివాళ్ల సంగతి చెప్పనక్కర లేదు.

ఎండలో నది మోసం

వేసవిలో గోదావరిని చూస్తే ఇసుక తిన్నెలే తప్ప నీరు కనిపించదు. మోకాలి లోతు ఉందనుకుని దిగుతారు. ఇసుక అడుగు నిలకడగా ఉండదు. ప్రవాహం కోసిన చోట, ఇసుక తవ్విన చోట నీటి కింద గుంత ఉన్నా పైకి తెలియదు. ఒక అడుగు మోకాలి లోతు, మరుసటి అడుగు నిలువు లోతు కావచ్చు. కాలి కింద ఇసుక జారితే ఈత వచ్చినవారికే నిలదొక్కుకోవడం కష్టం.

వానకాలంలో మరో ముప్పు ఉంది. ప్రాణహితకు నీరు వార్ధా, వైన్‌గంగ నదుల నుంచి వస్తుంది. మహారాష్ట్రలో కురిసిన వానకు ఇక్కడ నది పెరుగుతుంది. మన ఊళ్లో ఎండ కాస్తున్నా సంగమం వద్ద నీటిమట్టం ఎక్కవచ్చు. కనుక ఆకాశం చూసి నదిని అంచనా వేయడం తగదు. మేడిగడ్డలో 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగిన తరువాత నీటి నిల్వ నిలిపివేశారు. నిల్వ లేదు కదా అని అక్కడ దిగడమూ క్షేమకరం కాదు.

ఆరేళ్ల లోపు వారికి నదీస్నానం ఆట కాకూడదు. మొక్కు ఉంటే ఘాటు మెట్ల మీదే కూర్చోబెట్టి చెంబుతో తలపై పోస్తే సరిపోతుంది. పుణ్యానికి లోతుతో పనిలేదు. బిడ్డను ఎత్తుకుని నడుం లోతుకు వెళ్లడం, ట్యూబు లేదా థర్మకోల్ ముక్క కట్టి వదలడం మానుకోవాలి. వెనుకటి రోజుల్లో ఎండిన ఆనపకాయ బుర్ర నడుముకు కట్టి ఈత నేర్పేవారు. అది పక్కన పెద్దమనిషి ఉండి, మెట్ల బావిలో నేర్పిన విద్య. గాలి పోయే ప్లాస్టిక్ ట్యూబును నమ్మి ఒడ్డున కబుర్లు చెప్పుకోవడం వేరు.

ఇంటి సామానే ఆట సామాను

నీళ్లాటకు ఖర్చేమీ అక్కరలేదు. వెడల్పు తాంబాళం లేదా అంచు తక్కువున్న టబ్బు, అందులో నాలుగు వేళ్ల ఎత్తు నీరు చాలు. రెండు మూడేళ్ల వారికి చెంబు, గరాటు, పిండి జల్లెడ, కొబ్బరి చిప్ప ఇచ్చి వదిలితే అరగంట కదలరు. జల్లెడలో నీళ్లు నిలవవని వారికి మనం చెప్పనక్కర లేదు, పదిసార్లు పోసి వారే కనుక్కుంటారు.

నాలుగేళ్లు దాటినవారికి తేలేవి, మునిగేవి ఆట మంచిది. వేపాకు, చిన్న కర్ర, గులకరాయి, స్టీలు చెంచా, స్టీలు గిన్నె ముందుంచి ఏది తేలుతుందో ముందే చెప్పమనాలి. చెంచా మునిగి, దానికంటే బరువైన గిన్నె తేలేసరికి పిల్లల ముఖాలు చూడదగ్గవి. ఆ గిన్నెలో గులకరాళ్లు ఒకటొకటిగా వేస్తూ ఎన్నింటికి మునుగుతుందో లెక్కించమంటే అంకెలూ వస్తాయి. మన అడవి మండలాల్లో మోదుగాకుకు కొదవ లేదు. దొప్ప కుట్టి పడవగా వదలవచ్చు. కాగితం పడవ కంటే ఎక్కువసేపు తేలుతుంది.

నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో అరగ్లాసు నీటితో సాగే ఆట ఒకటుంది. పాత సున్నం కుంచెను తడిపి ఎండ పడే గోడపైనో బండపైనో అక్షరాలు రాయించాలి. చివరి అక్షరం రాసేలోగా మొదటిది ఆరి మాయమవుతుంది. నీళ్లెటు పోయాయని పిల్లలు తప్పక అడుగుతారు. అంగన్‌వాడీ కేంద్రాల్లో ఇరవై మంది ఉన్నా ఇది సాధ్యమే. రెండు జట్లు చేసి, స్పాంజితో ఒక గిన్నెలోని నీరు పీల్చి మరో గిన్నెలో పిండే పందెమూ పెట్టవచ్చు. టబ్బు ఆటకు మాత్రం ఒక్కో పెద్దమనిషి ముందు ముగ్గురిని మించి కూర్చోబెట్టరాదు. మిగతావారిని ఆయా కథలతోనో పాటలతోనో వేరే చోట ఉంచాలి.

నీళ్లాట మనకు కొత్తదేమీ కాదు. వానలు మొగం చాటేసిన ఏడు తెలంగాణ పల్లెల్లో పిల్లలు రోకలికి కప్పను, వేపమండలను కట్టి కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గడపలో బిందెడు నీళ్లు గుమ్మరిస్తారు. అందరూ తడుస్తారు, ఎవరూ మునగరు. పసిపిల్లల నీళ్లాటకు అంతకంటే మంచి నమూనా దొరకదు.

బకెట్ కూడా బావే

ఇంట్లోనే ఆడుతున్నారన్న ధీమా పనికిరాదు. ఏడాది, రెండేళ్ల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. బకెట్లోకి తొంగి చూసి తలకిందులైతే పైకి లేవలేరు. ముక్కు, నోరు మునిగేంత నీరున్నా ప్రాణం పోతుంది. మునిగే బిడ్డ కేకలు వేస్తుందనుకోవడం పొరపాటు, చప్పుడే ఉండదు. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీటమునిగి చనిపోయారని, వారిలో ఇంచుమించు నాలుగో వంతు ఐదేళ్ల లోపు వారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టింది. ఇంటిపనిలో తల్లి తలమునకలయ్యే పూటే ఎక్కువ ప్రమాదమని గుర్తించిన బంగ్లాదేశ్‌లో, ఆ వేళల్లో పిల్లలను చూసుకునే కేంద్రాలను పల్లెల్లో నడుపుతున్నారు. పత్తి ఏరడానికో మిరప తోటకో వెళ్లే తల్లులున్న మన ఊళ్లలో అంగన్‌వాడీకి బిడ్డను పంపడం ఆ లెక్కన కూడా రక్షణే.

కాపలా అంటే చేయి చాస్తే బిడ్డ అందేంత దూరంలో కూర్చోవడం. ఏడెనిమిదేళ్ల అక్కకో అన్నకో అప్పగించి పోవడం కాపలా కాదు. సెల్‌ఫోన్ పక్కన పెట్టాలి. ఎవరైనా పిలిస్తే బిడ్డను ఎత్తుకునే వెళ్లాలి. సంపు మూతకు తాళం, వ్యవసాయ బావికి, ఇంటి పునాది గుంతకు చుట్టూ కంచె ఉండాలి.

వేసవిలో కూలర్ పక్కన, మోటరు స్విచ్చి దగ్గర నీళ్లాట పెట్టరాదు. తడి చేతులతో ఇనుప కూలర్‌ను ముట్టి పిల్లలు విద్యుదాఘాతానికి గురవుతున్నారు. నున్నటి బండలపై గోనె సంచి పరిస్తే జారరు. మూడేళ్ల లోపు వారికి గోళీలు, పూసలు, పగిలిన బెలూన్ ముక్కలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మే నెల ఎండలకు ఉదయం పది లోపు, లేదా సాయంత్రం ఐదు తరువాత నీడలో ఆడించడం శ్రేయస్కరం. జ్వరం, విరేచనాలు, చెవిలో చీము ఉన్న బిడ్డను ఆ రోజుకు దూరంగా ఉంచాలి. మూర్ఛ వచ్చే బిడ్డకైతే ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి.

ఆట కాగానే నీరు కరివేప చెట్టుకో జామ చెట్టుకో పోసి టబ్బు బోర్లించాలి. వారం పది రోజులు నిలవ ఉంచితే డెంగీ దోమ అందులోనే పుట్టి ఎగురుతుంది.

మునిగితే ఏం చేయాలి?

నదిలోనో చెరువులోనో మునుగుతున్న వారిని చూసి ఈత రానివారు దూకితే రెండు ప్రాణాలు పోతాయి. తాడు, వెదురు బొంగు, చీర, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది అందించాలి. బిడ్డను బయటకు తీశాక కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. దీనివల్ల విలువైన నిమిషాలు వృథా అవుతాయి, పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదమూ ఉంది.

శ్వాస ఆడకుంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వాల్చి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి నోటితో ఐదుసార్లు ఊదాలి. ఏడాది లోపు బిడ్డకైతే తల నిటారుగానే ఉంచి, నోరు ముక్కు కలిపి మన నోటితో మూసి ఊదాలి. అప్పటికీ చలనం లేకుంటే ఛాతీ మధ్యన, ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి వెళ్లేలా 30 సార్లు వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదాలి. పసికందుకు రెండు బొటనవేళ్లతో, పెద్ద పిల్లలకు అరచేతి మడమతో నొక్కాలి. ఒకరు ఈ పని చేస్తుంటే మరొకరు 108కు ఫోన్ చేయాలి. ఊపిరి వచ్చే వరకు లేదా అంబులెన్సు చేరే వరకు ఆపకూడదు. బిడ్డ కళ్లు తెరిచి ఏడ్చినా ఇంటికి తీసుకెళ్లకుండా ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తరువాత ఆయాసం తెప్పించవచ్చు.